సున్నం సీసా, వంజరం పులుసు

ఒక మనిషి మూడు రోజుల్లో తన కొంప తాను ఎంతవరకు ముంచుకోగలడో మీకో అంచనా ఉంటాది కదా. దానికి ఇంకో రెండు రెట్లు కలుపుకోండి. అది నాను. లాక్‌డౌన్‌లో నా ముక్కు నాను కాల్చుకున్నాను, నా పెళ్లాం మనసు కాల్చేను, ఇరవయ్యారు రోజులు కలవరించిన వంజరం పులుసుని సరిగ్గా ముక్కు కిందకి వచ్చేక పోగొట్టుకున్నాను. ఇందులో వైరస్ తప్పు గోరంత కూడా లేదు. పాపం, అది మా ఇంటి గుమ్మం ఎక్కనే లేదు.

మాది మల్కాపురం. నాను పోర్టులో క్రేన్ నడుపుతాను. ఆ మొదటి లాక్‌డౌన్‌లో వారానికి రెండు డ్యూటీలే పడేవి, మిగతా రోజులు ఇల్లే. ఇంట్లో నాను, నా పెళ్లాం రత్నం, మా అత్త పైడమ్మ. అత్త తగరపువలస నుంచి రెండు రోజులుండి వెళ్దామని రెండు చీరలతో వచ్చింది. బస్సులు ఆగిపోయేయి, ఆ రెండు చీరలే ఉతికి ఉతికి కడతా మా ఇంట్లో ఉండిపోయింది.

నిజం చెప్పొద్దూ, ఆ రోజులు బాగానే ఉండేవి. పొద్దున్నే పిట్టగోడకి అటు అప్పలరాజు బావ, ఇటు నాను, ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుని టీ తాగేవాళ్లం. ఈ బావ నాకు చుట్టం కాదు. పక్క పోర్షన్ వాడు, పాల వేన్ తోలతాడు. వేన్‌కి పాస్ ఉంది కాబట్టి ఆ రోజుల్లో మా వీధికి ఆడే దేశాలు తిరిగొచ్చినోడు. "భీమిలి రోడ్డు మీద కుక్క కూడా లేదు బావా" అని చెప్తే నోరు తెరుచుకుని వినేవాళ్లం. సాయంత్రమైతే మేడ మీద చాప, వేయించిన వేరుశెనక్కాయలు, సముద్రం గాలి. రత్నం, అత్త, నాను పేకాడేవాళ్లం. అత్త తొండి ఆడేది. పట్టుకుంటే "ముసిల్దాన్ని, కళ్లు కనపడవు బాబూ" అనేది. తురుపు ముక్క మాత్రం బాగానే కనపడేది.

లోటల్లా ఒకటే. చేప. రేవు మూసేసేరు, తట్ట నెత్తిన పెట్టుకుని "సేపలో" అని కేకేసుకుంటా వచ్చే మనిషి రావడం మానేసింది. ఇరవయ్యారు రోజులు చేప మొహం చూడకుండా బతికేను. విశాఖపట్నంలో పుట్టినోడికి ఇది ఎంత శిక్షో బైటోళ్లకి చెప్పినా తెలవదు. పప్పుచారు చూస్తే ఏడుపొచ్చేది. అప్పలరాజు బావ మాత్రం ఆశ పెట్టేడు: "ఉండు బావా, భీమిలి దగ్గర తెప్ప మీద ఎల్లే ఒకడు తెలుసు. వంజరం పడితే నాకు కబురెట్టమన్నాను." ఆ మాట పట్టుకునే రోజులు గడుపుతన్నాను.

ఇప్పుడు మా ఊరి వాసన గురించి చెప్పాలి, లేపోతే నా బుర్రతక్కువ పని మీకు అర్థం కాదు. మల్కాపురానికి ఒక వాసన ఉంటాది. తారు, కిరసనాయిలు, లారీల పొగ, బొగ్గు పొడి, ఎండుచేపలు, అన్నీ కలిపి ఉడకబెట్టినట్టుంటాది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు రత్నం ముక్కు మూసుకుని "ఏటి మావా ఈ కంపు?" అంది. "కంపేటే, ఇది మన ఊరు" అన్నాను. నాకు కళ్లు తెరవగానే ముందు ఆ వాసన తగలాలి. అది తగిల్తేనే ఓహో తెల్లారింది, బతికే ఉన్నాను అని లెక్క.

ఆవేళ తెల్లారింది. రాత్రి నాలుగు చినుకులు పడి చల్లగా ఉంది. కళ్లు తెరిచేను. గట్టిగా గాలి పీల్చేను. ఏమీ లేదు. మళ్లీ పీల్చేను. తారు లేదు, కిరసనాయిలు లేదు, బొగ్గు లేదు. కిటికీ ఊచల్లో మొహం దూర్చి పీల్చేను. మంచి నీళ్లు తాగినట్టుంది తప్ప వాసన లేదు.

నాకు ఒళ్లంతా చెమట పట్టింది. ఎందుకంటారా? ముందు రోజే ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూసేను. వాసన పోయిందంటే ఇక అనుమానం లేదట, అదేనట. పోర్టు సగం పడుకుందనీ, లారీలు ఆగిపోయేయనీ, గాలి మారిందనీ ఆ మాత్రం ఆలోచన బుర్ర ఉన్న ఎవడికైనా వస్తాది. నాకు రాలేదు. నలభై ఏళ్లుగా ఉన్న వాసన ఊరొదిలి పోతాదని ఎవడనుకుంటాడండీ? ముక్కే పోయిందనుకున్నాను.

సరే, ఇంకో పరీక్ష పెట్టుకుందామని చీకట్లోనే తడుముకుంటా గూట్లో ఉన్న తలనొప్పి మందు సీసా తీసేను. మూత తీసి పీల్చేను. వాసన లేదు. అయిపోయింది! ఆ మందు వాసన తెలీని ముక్కు ముక్కేనా? అయినా ఆశ చావక, వేలు నిండా తీసి ముక్కు కింద మీసం పొడుగునా పట్టించి, రెండు పుటాల్లోకి కూడా రాసేసేను.

ఓర్నాయనో! ఒక నిమిషానికి మంట మొదలైంది చూడండి. మిరపకాయ నూరి పెట్టినట్టు. కళ్లమ్మట నీళ్లు, ముక్కమ్మట నీళ్లు. నాకింకా భయం ఎక్కువైంది. మంట తెలుస్తంది, వాసన తెలీడం లేదు! అంటే మందు మంచిదే, ముక్కే చచ్చిపోయింది.

"రత్నం! ఒకసారి ఇటు రా! ఒద్దొద్దు, రాకు! అక్కడే ఉండు!"

"రమ్మంటావా, ఒద్దంటావా? పొయ్యి మీద పాలున్నాయి" అంది రత్నం వంటింట్లోంచి.

"నాకు వాసన తెలీట్లేదే."

"దేని వాసన?"

"ఊరి వాసన."

"అది తెలీపోతే సంతోషించాల గానీ ఏడుపెందుకు మావా?"

వినండి, ఆ మనిషి ఆ ముక్కలోనే నిజం మొత్తం చెప్పేసింది. నాను విన్నానా? "నవ్వులాట కాదే, తలనొప్పి మందు వాసన కూడా తెలీట్లేదు" అని గుమ్మంలోకి వచ్చేను. నా మొహం చూసింది. ముక్కు ఎర్రగా, కళ్లు ఎర్రగా, కారతా కారతా ఉన్నాయి. దాని చేతిలో గరిటె కింద పడిపోయింది.

"ఓలమ్మో! అమ్మా! మావకి వొచ్చేసినాదే!"

లోపలి గదిలోంచి మా అత్త జవాబు వేరే: "రత్నం, నా సున్నం ఏదే? నిన్న గూట్లోనే ఎట్టేను."

"ఇక్కడ మనిసి పేనాల మీదకొస్తే నీకు సున్నం గొడవేటే అమ్మా!"

రత్నం వార్డు నర్సమ్మకి ఫోన్ చేసింది. జ్వరం లేదు, దగ్గు లేదు అంటే, ఆవిడ "మూడు రోజులు వేరే గదిలో ఉంచండి, ఏమైనా తేడా వస్తే వెంటనే చెప్పండి, పరీక్షకి పంపిద్దాం" అంది. నాను మేడ మీద రేకుల గదిలోకి మకాం మార్చేను. చాప, దుప్పటి, చెంబు తీసుకున్నాను. మందు కదా, ఆ సీసా కూడా జేబులో వేసుకున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ముక్కు కింద రాసేవాణ్ని. మంట తగ్గేలోపు మళ్లీ రాసేవాణ్ని. అంత శ్రద్ధగా చదువుకుని ఉంటే క్రేన్ ఎక్కేవాణ్ని కాదు, ఆఫీసులో ఫేన్ కింద కూర్చునేవాణ్ని. రోజంతా ముక్కు కారతంటే టీ వాసన కూడా తెలిసేది కాదు. రోగం ముదిరిందనుకున్నాను.

ఇప్పుడు నవ్వుతా చెప్తన్నాను గానీ, ఆ సాయంత్రం నాకు నిజంగా భయమేసింది. ఆ రోజుల్లో ఎవరింటి నుంచి ఏ కబురు వినాలో అని అందరం బిక్కుబిక్కుమంటానే ఉండేవాళ్లం. సూర్యుడు దిగతన్నాడు. రత్నం మెట్ల కింద కూర్చుంది, నాను మెట్ల పైన కూర్చున్నాను. మధ్యలో పదహారు మెట్లు. అది కొంగుతో కళ్లు ఒత్తుకుంటంది. దాన్నలా చూస్తే ఈ మనిషిని ఒక్కదాన్ని చేసి పోతానా అనిపించింది. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. పోయేముందు మనసులో ఏమీ దాచుకోకూడదని.

"రత్నం, నీకొకటి సెప్పాల. మిక్సీ జారు పగలగొట్టింది మీ తమ్ముడు కాదు. నానే."

"పోనీలే మావా. జారు పోతే ఇంకోటొస్తాది. నువ్వు బాగుండు."

ఆహా, ఎంత మంచి మనిషి! నాకు ధైర్యం వచ్చింది.

"పండక్కని నువ్వు దాసిన ఎండురొయ్యలు పిల్లి తినలేదు. నానే ఏపుకుని తినేసేను."

"తెలుసు మావా. పిల్లి బాణలి కడిగి బోర్లెట్టదు కదా." ఏడుస్తానే నవ్వింది. "ఇంకా ఏటైనా ఉంటే సెప్పెయ్యి. మనసులో ఎట్టుకోకు."

ఇక్కడ ఆగాలండి. ఇక్కడ ఆగినోడు మనిషి. నాను ఆగలేదు. మన్నింపు ఇంత చవగ్గా దొరుకుతంటే ఎవడు ఆగుతాడు?

"అప్పలరాజు బావ పెళ్లాం గౌరి ఉందా? ఆ సెల్లెమ్మ అప్పుడప్పుడు పంపిస్తాది, సేపల పులుసు... నీ పులుసు కంటే అదే బాగుంటాది రత్నం. పదకొండేళ్లయి సెప్పలేక లోపల కుమిలిపోతన్నాను."

కొంగు కళ్ల దగ్గర ఆగిపోయింది.

"ఏటన్నావ్?"

"గౌరి పులుసు..."

"ఇనబడింది."

లేచింది. చీర దులుపుకుంది. పదహారు మెట్ల కింద నుంచి నావైపు ఒక్క చూపు చూసి లోపలికెళ్లి తలుపేసుకుంది. తర్వాత భోజనం మెట్ల మీదకి వచ్చింది. గంజి. ఉప్పు వేయడం మర్చిపోయిందనుకున్నాను. మర్నాడు కూడా ఉప్పు లేకపోయేసరికి అది మర్చిపోవడం కాదని తెలిసింది.

మూడో రోజు మధ్యాహ్నం. ఆవేళ ముక్కు పచ్చి పుండై, పొద్దున మందు రాయడానికి ధైర్యం చాల్లేదు. కారడం తగ్గింది. చాప మీద వెల్లకిలా పడుకుని, నా తర్వాత ఈ క్రేన్ ఎవరు నడుపుతారో అని బాధపడతన్నాను. అప్పుడు వచ్చింది.

ముందు ఉల్లిపాయ వేగిన వాసన. తర్వాత మెంతులు. తర్వాత చింతపండు పులుసు తెర్లతన్న వాసన. ఆ వెనకాల, ఆగండి, కళ్లు మూసుకుని చెప్తాను, వంజరం!

లేచి నిలబడ్డాను. "రత్నం! వాసనొస్తంది! నాకు వాసనొస్తందే! నాను బతికేను!"

ముందు పిట్టగోడ మీంచి అప్పలరాజు బావ తల కనపడింది. "బావా, కేకలేస్తన్నావేటి? పొద్దున వంజరం పడింది. సగం మా ఇంటికి, సగం మీ ఇంటికి కోయించేను. మా ఇంట్లో గౌరి ఒండతంది, మీ ఇంట్లో రత్నం సెల్లి ఒండతంది."

"బావా, నాకు ముక్కు బాగైపోయింది!"

"అసలు ఏటయింది ముక్కుకి? మా గౌరి సెప్పింది, ఊరి వాసన రాట్లేదన్నావట. ఎవుడికొస్తంది బావా? బళ్లాగిపోయేయి, గాలి తిరిగింది. మూణ్ణాలుగు రోజులయి మల్కాపురం మొత్తం ఊటీలా ఉందని జనం మేడలెక్కి గాలి పీల్చుకుంటన్నారు. నువ్వొక్కడివే ముక్కు పోయిందని పడుకున్నావు!"

"మరి తలనొప్పి మందో? దాని వాసన కూడా తెలీలేదు కదా?" అని సీసా పైకెత్తి చూపించేను.

అప్పటికి మా అత్త మెట్లెక్కి వచ్చి సగంలో నిలబడింది. సీసా చూసింది. మూడు రోజులుగా సున్నం లేక కిళ్లీ లేక ఉన్న మనిషి, అరిచిన అరుపు పక్క వీధి దాకా వెళ్లింది.

"ఓలమ్మ నా తల్లో! నా సున్నం! నా సున్నంకాయ తగరపువలసలో మర్సిపోయేనని, కాళీ మందు సీసా కడిగి సున్నం ఎట్టుకున్నాను బాబూ! మూడు రోజులయి ఇల్లంతా ఎతుకుతన్నాను. దాన్నేటి సేసేవు నువ్వు?"

"ముక్కుకి రాసుకున్నాను అత్తా."

"ఎన్నిసార్లు?"

"పూటపూటా."

అప్పలరాజు బావ పిట్టగోడ అవతల కిందకి కూలబడిపోయి నవ్వేడు. కనపడలేదు గానీ వినబడింది. నవ్వకండి, మా ఇళ్లల్లో ఏ సీసాలో ఏముంటాదో మీకూ తెలుసు. కాఫీ డబ్బాలో ఆవాలు, బిస్కట్ల డబ్బాలో సూదీ దారం ఉంటాయని చిన్నప్పటి నుంచి చూసినోణ్ని నాను. అయినా, మందూ తెల్లనిదే, సున్నమూ తెల్లనిదే కదా, సీసా మీద కాగితం నమ్మేను.

సరే, పరువు పోతే పోయింది, పులుసు ఉంది కదా అని మెట్లు దిగబోయేను. కింద రత్నం నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. పక్కన గౌరి.

"అక్కడే ఆగు. ముక్కు బాగైందని నువ్వంటే సరిపోద్దా? పొద్దున వంజరం తెచ్చేనని అప్పలరాజు అన్నియ్య కేకేసింది ఇనే అరుస్తన్నావేమో. పరీక్ష ఎడతాను."

"ఎట్టు! ఏ పరీక్షైనా ఎట్టు!"

కళ్లకి తువ్వాలు కట్టించుకుని మెట్ల మధ్యలో కూర్చోమంది. కాసేపటికి నా ముందు మెట్టు మీద రెండు గిన్నెలు పెట్టిన చప్పుడైంది.

"ఒకటి నాను ఒండింది. ఒకటి గౌరి ఒండింది. ఏది ఎవులదో వాసన పట్టి సెప్పు."

గౌరి కంగారుపడింది. "వదినా, ఎందుకొచ్చిన గొడవ, అన్నియ్యకి బువ్వెట్టు."

"నువ్వుండు గౌరీ. సెప్పు మావా."

అప్పటికి నాకు తెలిసింది, ఇది ముక్కుకి పెట్టిన పరీక్ష కాదు. నా కాపురానికి పెట్టిన పరీక్ష. ఇక్కడ సరిగ్గా చెప్తే పులుసు, లేపోతే బతుకంతా గంజి. ఒళ్లు దగ్గర పెట్టుకుని పీల్చేను.

ఎడం గిన్నె. బాగుంది. పులుసులాగే ఉంది.

కుడి గిన్నె. ఓహోహో! నాలిక కింద నీళ్లూరిపోయేయి. మెంతి ఎంత కావాలో అంత, కొత్తిమీర ఆఖర్న చల్లి మూతేసిన ఘుమఘుమ, వంజరం ముక్క పులుసులో ఊరి ఊరి ఉన్న వాసన. అంత మంచి పులుసు నా జన్మలో వాసన చూళ్లేదు.

నా బుర్ర చకచకా పని చేసింది. ఎప్పుడూ చేయనిది అప్పుడే చేయాలా! ఇంత బాగుందంటే ఇది గౌరిదే. అంటే ఎడం చేతి వైపుది రత్నానిది. కాబట్టి ఎడం వైపుది పొగిడి, కుడి వైపుది తిట్టాలి.

"ఎడంసేతి గిన్నె నీది రత్నం!" అన్నాను గుండెలు పొంగించి. "అబ్బ, ఏం పులుసే ఇది! ఈ సేతికి బంగారు గాజులు సేయించాల. ఆ కుడిసేతిది గౌరి సెల్లెమ్మది. ఏటనుకోకమ్మా సెల్లీ, మెంతి ఎక్కువైంది, సింతపండు పచ్చి వాసనేస్తంది, సేప కూడా సరిగ్గా కడిగినట్టు లేదు. మొన్న రోగం బెంగలో ఏదో అనేసేను గానీ, మా రత్నం పులుసు ముందు నీది దిగదుడుపే."

పిట్టగోడ అవతల అప్పలరాజు బావ నవ్వు ఆగిపోయింది. అది ఆగడంతోనే నాకర్థమైంది, తప్పు చెప్పేనని.

తువ్వాలు విప్పుకున్నాను. కుడి వైపున ఉన్నది మా ఇంటి గిన్నె. పెళ్లిలో పెట్టిన కళాయి వేసిన ఇత్తడి గిన్నె, దాని మీద రత్నం పేరు చెక్కి ఉంటాది. ఆ మనిషి మూడు రోజులు కడుపు మండి, గౌరి కంటే బాగా వండి చూపించాలని, పొద్దుట్నుంచి పొయ్యి దగ్గర నిలబడి వండిన పులుసు. మా పెళ్లైన పదకొండేళ్లలో అంత బాగా ఎప్పుడూ వండలేదు. చేప సరిగ్గా కడగలేదన్నాను దాన్ని.

"అమ్మా," అంది రత్నం చల్లగా, "ముక్కు బాగానే పని సేస్తంది. రోగం నోటికి."

గౌరి మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని, "రెండుసార్లు పొగిడినావు అన్నియ్యా, మా ఇంట్లో ఈయన ఒక్కసారీ పొగడలేదు" అంటా తన గిన్నె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఇత్తడి గిన్నె కూడా లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట మా అత్త మూడుసార్లు పులుసు పోయించుకుంది. తిన్నాక నాకు ఎదురుగా కూర్చుని, నా సీసాలోంచే సున్నం తీసి ఆకుకి రాసుకుంటా అంది: "ఇంకొక్క రోజు మేడ మీద ఉంటే నయం బాబూ. ముక్కు కోసం కాదు."

నాకు గంజి వచ్చింది. ఈసారి ఉప్పు వేసింది, రెండు గుప్పెళ్లు.

తర్వాత బళ్లు తిరిగేయి, పోర్టు లేచింది. ఒకరోజు కళ్లు తెరిచేసరికి తారు, కిరసనాయిలు, బొగ్గు, ఎండుచేప, మొత్తం తిరిగొచ్చి నా ముక్కులో కూర్చున్నాయి. సంతోషంతో రత్నాన్ని లేపి చెప్పేను. "గౌరికి సెప్పు" అని అటు తిరిగి పడుకుంది. ఈరోజుకీ ఇంట్లో వంజరం వండితే ముందు నా కంచంలో పులుసు పోయదు. ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టి, "ఎల్లు, గౌరింటికెల్లి పోయించుకురా, నాది మెంతి ఎక్కువ" అంటాది. నాను ఆ గిన్నె పట్టుకుని గుమ్మంలో పది నిమిషాలు నిలబడాలి, కాళ్లావేళ్లా పడాలి. అప్పుడు పోస్తాది. పోసేక ఆ పులుసు ఎలాగుంటాదంటే, నిజం చెప్తన్నాను, గౌరి కాదు కదా, ఈ జిల్లాలో ఎవరూ దాని దరిదాపుల్లోకి రారు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు.

ఇది రాస్తంటే ఇందాక వెనకాల వచ్చి నిలబడింది.

"ఏటి మావా రాస్తన్నావ్?"

"లాక్‌డౌన్ కబుర్లు. నీ పులుసే అందరికంటే బాగుంటాదని రాసేను."

వంగి కాగితం చూసింది. నా మొహం చూసింది.

"కళ్లకి తువ్వాలు కట్టుకుని రాసేవా?"

అందుకని సింహాద్రి అప్పన్న సాక్షిగా ఇదే నా ప్రమాణం. మా అత్తని అడక్కుండా ఏ సీసా మూతా తీయను. పోతానని డాక్టరు తన నోటితో చెప్పేదాకా నా పెళ్లాంతో ఒక్క నిజం కూడా చెప్పను. చెప్పేక కూడా, ఎందుకైనా మంచిది, పులుసు తిన్నాకే చెప్తాను.